అక్షరం పొల్లుపోకుండా

ఆ ఉదయం బౌక్యాకు రెండే పనులున్నాయి. సోంపూ నారింజ తొక్కూ వేసిన కేకు మాడకుండా చూసుకోవడం ఒకటి, మధ్యాహ్నం కాలువల ఇంజినీరు రూర్డా వచ్చేలోగా ఇల్లు అద్దంలా తుడవడం రెండోది. కోపం తెచ్చుకోవడాన్ని ఆమె పనుల్లో లెక్కవేసేది కాదు. అది ఊపిరితో పాటు దానంతటదే జరిగిపోయేది.

డచ్చివాళ్ళ ఫ్రీస్‌లాండ్‌లో ఒక కాలువ మీద, పడవలొచ్చినప్పుడు పైకి ఎత్తే వంతెనకు బౌక్యా కాపలాదారు. పుట్టింది వంతెన పక్కనున్న చిన్న ఇంట్లోనే. తండ్రి పోయాక వంతెన మీట ఆమె చేతికొచ్చింది, తండ్రి గోడ గడియారం మాత్రం ఎవరి చేతికి పోయిందో తెలియలేదు. అక్కడికి మైలు దూరంలో లాకు ఉంది. ఆ లాకు తలుపులు తీసి మూసే ఉద్యోగం తమ్ముడు హిల్కేది. గడియారం కూడా వాడి దగ్గరే ఉందని బౌక్యా గట్టి అనుమానం.

ఇంజినీరుగారు చెప్పింది సూటిగానే ఉంది. వంతెనా లాకూ కంప్యూటర్ల మీద సక్రమంగా కబుర్లు చెప్పుకోగలిగితే ఇద్దరూ ఉంటారు. చెప్పుకోలేకపోతే వంతెనను పట్నంలో కూర్చునే మీట నొక్కి లేపుతారు, బౌక్యా ఇల్లు ఖాళీ చెయ్యాలి. పరీక్ష ఈ రోజే.

అందుకోసం వారం కిందట మెన్నో అనే సాంకేతికుడు వచ్చి, పాత టెలిఫోను పీకేసి, ఆ తీగలకే ఒక బూడిదరంగు పెట్టె తగిలించాడు. పెట్టె నుంచి కంప్యూటరుకు సీరియల్ కేబుల్ లాగాడు. అలాంటి పెట్టె లాకులోనూ పెట్టాడు.

"దీన్ని స్వల్పదూర మోడెమ్ అంటారమ్మా. దేశాలు దాటి పోదు, ఒక మైలూ రెండు మైళ్ళూ అంతే."

"గట్టిగా అరిస్తే వినబడే దూరానికి పెట్టె ఎందుకయ్యా?" అంది బౌక్యా.

మొదటిరోజు అది పనిచెయ్యలేదు. "ఒకరి నోటి తీగ ఇంకొకరి చెవి తీగకి కలపాలి. నేను నోటికి నోరు, చెవికి చెవి కలిపాను" అని మెన్నో నాలుక కరుచుకుని తీగలు మార్చాడు. అప్పుడు పనిచేసింది. వెళ్ళేటప్పుడు పెట్టె పక్కనున్న ఒక బటన్ చూపించి, "ఇది పరీక్ష కోసం. ఇది నొక్కి ఉన్నంతసేపూ ఎవరి మాట వాళ్ళకే తిరిగొస్తుంది, ఇటూ అంతే, అటూ అంతే. మీరు ముట్టుకోకండి" అన్నాడు. బౌక్యా వినలేదు. కిటికీ గట్టు మీద పెట్టె కూర్చున్న చోటు ఆమె జెరేనియం పూలకుండీది. పువ్వులు లేని కిటికీని చూసి వీధిలో పోయేవాళ్ళు ఏమనుకుంటారోనని ఆమె అప్పటికే కుమిలిపోతోంది.

అందుకని ఆ ఉదయం ఆమె గట్టు తుడిచి, పెట్టెను మూలకు నెట్టి, కుండీని దాని పక్కనే ఇరికించింది. కుండీ అంచు వెళ్ళి సరిగ్గా ఆ బటన్‌కు ఆనింది. టిక్కుమంది. పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది.

"ఇప్పుడు దీనికీ ఒక అందం వచ్చింది" అనుకుంది బౌక్యా.

కాలువ మీద ఒక పాత నియమం ఉంది. అవతలివాళ్ళు చెప్పిన కబురును ఇవతలివాళ్ళు అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. అప్పుడే కబురు చేరినట్టు లెక్క. టెలిఫోను రోజుల్లో హిల్కే ఈ నియమాన్ని "ఆ ఆ, సరేలే అక్కా" అన్న మాటతో సరిపెట్టేవాడు. బౌక్యా పూర్తిగా తిరిగి చెప్పేది, కాని చివర ఒక చీవాటు కలిపేది. పరీక్ష రోజు గనక ఇంజినీరుగారు ఇంకొక నియమం చేర్చారు. తెర మీద కబురు రానిదే వంతెన లేవకూడదు, లాకు తలుపు తెరుచుకోకూడదు. పడవ కళ్ళెదుట కనబడుతున్నా సరే.

మొదట సరంగు గెర్మ్ నడిపే ఇసుక పడవ వచ్చింది. బౌక్యా కీబోర్డు ముందు కూర్చుని ఒక్కో అక్షరం వెతికి కొట్టింది. "ఇసుక పడవ వస్తోంది. తలుపు తీసి ఉంచు."

తెర పైసగంలో ఆమె రాసింది, కిందిసగంలో అవతలినుంచి వచ్చింది కనబడతాయి. కిందిసగంలో వెంటనే వచ్చింది. "ఇసుక పడవ వస్తోంది. తలుపు తీసి ఉంచు."

బౌక్యా కళ్ళు చెమర్చాయి. పుట్టి బుద్ధెరిగాక తమ్ముడు చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం ఇదే మొదటిసారి. మురిసిపోతూ వంతెన లేపింది, పడవ సాగిపోయింది.

కేకు పొయ్యిలోంచి తీసేసరికి సరంగు గెర్మ్ సైకిల్ మీద వెనక్కి వచ్చాడు. మొహం బీట్‌రూటులా ఉంది.

"ఏమమ్మా, మీ తమ్ముడికి మతి పోయిందా? లాకు తలుపు మూసుకుని కూర్చున్నాడు. తియ్యరా అంటే తెర మీద కబురు రాలేదంటాడు!"

"రాకపోవడమేమిటి? వాడే తిరిగి చెప్పాడు."

"అయితే వెళ్ళి వాడికే చెప్పు. నా ఇసుక మొలకెత్తేలా ఉంది."

బౌక్యా కూర్చుని కొట్టింది. "నిద్రపోతున్నావా?"

కింద వచ్చింది. "నిద్రపోతున్నావా?"

బౌక్యా మెడ మీద నరం లేచింది. హిల్కే చిన్నప్పుడు ఇదే చేసేవాడు. ఆమె ఏమంటే అది వెంటనే తిరిగి అనేవాడు. "వెళ్ళు" అంటే "వెళ్ళు", "అమ్మకి చెప్తా" అంటే "అమ్మకి చెప్తా". చివరికి ఆమె కాలి చెక్కబూటు తీసి విసిరేదాకా ఆగేవాడు కాదు. వాడి చెవి పక్క మచ్చ ఆనాటిదే.

ఇంతలో లాకువైపు నుంచి తెల్లని షికారు పడవ వచ్చి వంతెన ముందు ఆగి హారన్ కొట్టింది. బౌక్యా కిటికీ తెరిచి అరిచింది.

"కబురు రాలేదండీ! లేపకూడదు!"

"లాకు ఆయన నా కళ్ళముందే రాశాడు! సరేనని మీరు తిరిగి రాశారు కూడా! నేను చదివాను!" అని షికారాయన గొంతు చించుకున్నాడు.

"నేనా?"

"మీరు కాక మీ పువ్వులా?"

ఆయనకు తెలియకుండానే నిజం అనేశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు ఇసుక పడవకు లాకు తెరుచుకోదు, షికారు పడవకు వంతెన లేవదు. రెండూ మధ్యలో చిక్కుకుని పోటీపడి హారన్లు కొడుతున్నాయి. బౌక్యా వేళ్ళకు అలవాటు లేని వేగం వచ్చింది.

"ఒరేయ్ హిల్కే, అబద్ధాలాడతావా?"

"ఒరేయ్ హిల్కే, అబద్ధాలాడతావా?"

"నీ వల్ల ఇవాళ నా ఇల్లు పోతుంది!"

"నీ వల్ల ఇవాళ నా ఇల్లు పోతుంది!"

"నాన్న గడియారం ఎత్తుకెళ్ళింది నువ్వే. దొంగా!"

"నాన్న గడియారం ఎత్తుకెళ్ళింది నువ్వే. దొంగా!"

బౌక్యా ఆ మాటను రెండుసార్లు చదివింది. తోడబుట్టినదాన్ని, నోట్లో ముద్దలు పెట్టి పెంచినదాన్ని, దొంగ అన్నాడు! కాళ్ళకున్న చెక్కబూట్లు విప్పకుండానే సైకిలెక్కింది. గెర్మ్ వెనకే బయల్దేరాడు. ఇసుక ఎలాగూ కదలదు, తమాషా అయినా చూడవచ్చు.

సగం దారిలో ఎదురుగా ఇంకో సైకిల్ వచ్చింది. దాని మీద హిల్కే, చెవులదాకా ఎర్రబడి.

"నీ దగ్గరికే వస్తున్నా!" అంది బౌక్యా.

"నీ దగ్గరికే వస్తున్నా!" అన్నాడు హిల్కే.

"చూశావా గెర్మ్? మళ్ళీ మొదలెట్టాడు!"

"నేనా మొదలెట్టింది? పొద్దున్న ఎంత సంతోషించానో తెలుసా అక్కా? షికారు పడవ వస్తోందంటే చక్కగా తిరిగి చెప్పావు, చివర ఒక్క తిట్టయినా లేదు. మా అక్క దేవత అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాత వంతెన ఎందుకు లేపలేదంటే నన్నే అడుగుతావా, వంతెన ఎందుకు లేపలేదని? నా చేతిలో వంతెన ఉందా?"

"అది నేను రాయలేదు!"

"మరి తాడిచెట్టంత మనిషివి, అక్కవి, నన్ను 'అక్కా' అని వెక్కిరిస్తావా? సిగ్గు లేదూ?"

"నన్ను ఒరేయ్ అన్నవాడికా సిగ్గు గురించి చెప్పే హక్కు!"

"నిన్ను ఒరేయ్ అన్నానా? నాకు రెండో చెవి మీద మచ్చ కావాలా?"

గెర్మ్ సైకిల్ హ్యాండిల్ మీద గడ్డం ఆనించి, "బూటు ఏ కాలిదమ్మా విసిరేది? కుడిదైతే నేను ఎడం పక్కకు జరుగుతాను" అన్నాడు.

బూటు చేతిలోకి వచ్చిందిగాని విసరడానికి వీలు కాలేదు. వంతెన అవతలినుంచి ఇంకో హారన్ మోగింది. పొడుగ్గా, గంభీరంగా, ప్రభుత్వపు జీతం మీద బతికే హారన్ అది. ఇంజినీరు రూర్డా పడవ.

వాళ్ళు రొప్పుతూ చేరేసరికి ఆయన గట్టెక్కి వంతెన ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. షికారాయన అప్పటికే ఆయనకు జరిగినదంతా, దానితోపాటు జరగనిది కొంతా చెప్పేశాడు.

"పరీక్ష రోజున ఇద్దరూ పని వదిలేసి దారిలో కొట్టుకుంటున్నారా? తప్పు మనుషులదో యంత్రానిదో ఇప్పుడే తేల్చేస్తాను. మనుషులదైతే ఈ ఇంటి తాళంచెవి సాయంత్రం నాతో వస్తుంది" అన్నారు రూర్డా.

 ఆ తాళంచెవి తండ్రి మెడలో వేలాడుతూ ఉండడం బౌక్యాకు గుర్తుంది. ఏం చెయ్యాలో తోచక కేకు కోసింది. కోపం వచ్చినా భయం వేసినా ఆమె ముందు పళ్ళాలు తీస్తుంది. హిల్కే ఒక ముక్క తీసుకుని గోడకు ఆనుకున్నాడు.

ఇంజినీరుగారు కుర్చీ లాక్కుని కొట్టారు. "నేను ఇంజినీరు రూర్డా."

కింద వచ్చింది. "నేను ఇంజినీరు రూర్డా."

"చూశారా!" ఆయన అందరివైపూ విజయగర్వంతో తిరిగారు. "లైను దివ్యంగా ఉంది. లాకులో మనిషి నియమం ప్రకారం వెంటనే తిరిగి చెప్పాడు."

"లాకులో మనిషి ఇక్కడ కేకు తింటున్నాడు కదండీ" అన్నాడు గెర్మ్.

గదిలో అందరూ హిల్కేవైపు చూశారు. హిల్కే నములుతున్నది ఆపాడు. లాకు ఖాళీ. మరి జవాబిచ్చిందెవరు?

ఇంజినీరుగారు మెల్లిగా తెరవైపు తిరిగి కొట్టారు. "ఎవరు నువ్వు?"

"ఎవరు నువ్వు?"

"నేను ఇంజినీరునని చెప్పాను!"

"నేను ఇంజినీరునని చెప్పాను!"

"ఎంత పొగరు!" ఆయన టై వదులు చేసుకున్నారు. "నా పేరు పెట్టుకుని నాకే చెబుతున్నాడు!" వేళ్ళు కీబోర్డు మీద పిడుగుల్లా పడ్డాయి. "నీకు నీ పని తెలుసా?"

"నీకు నీ పని తెలుసా?"

ఆ ప్రశ్న ఎక్కడ తగలాలో అక్కడే తగిలినట్టుంది, ఆయన మెడ కూడా ఎర్రబడింది. "మూర్ఖుడా! నీ సంగతి పైవాళ్ళకు చెబుతాను!" అని కొట్టారు. అదీ చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. ఆయన బల్ల మీద గుద్దారు. కాఫీ కప్పులు ఎగిరాయి.

"బల్ల మీద చోటు లేదు, ఉండండి" అని బౌక్యా కప్పులు కిటికీ గట్టు మీద పెట్టడానికి జెరేనియం కుండీని ఎత్తి పక్కన పెట్టింది. టిక్కుమంది. ఎర్రదీపం ఆరిపోయింది.

"ఇప్పుడే పోలీసులను పంపుతున్నాను!" అని కొట్టారు ఇంజినీరుగారు.

కిందిసగం ఖాళీగా ఉంది. అందరూ చూశారు. ఇంకాసేపు చూశారు. ఏమీ రాలేదు.

"పారిపోయాడు!" ఇంజినీరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "నా దగ్గరా వాడి వేషాలు?"

బౌక్యా దీపంవైపు చూసింది. కుండీ అంచుతో బటన్‌ను నెమ్మదిగా తాకించింది. దీపం వెలిగింది. తీసింది. ఆరింది. ఎవరి మాట వాళ్ళకే తిరిగొస్తుందన్న మెన్నో మాటలు వారం ఆలస్యంగా చెవిలోకి దూరాయి. ఆమె నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే ఇంజినీరుగారు లేచి నిలబడ్డారు. "ఒక సంగతి తేలింది. ఖాళీ లాకులో ఎవడో దూరి కబుర్లు రాస్తున్నాడు. పొద్దున్నుంచి వీళ్ళిద్దరి మధ్యా చిచ్చు పెట్టింది వాడే. ఇలాంటిచోట పట్నంలో కూర్చుని మీట నొక్కితే ఎవడి మాట విని నొక్కినట్టు? కుదరదు. ఇక్కడ మనిషి ఉండాల్సిందే. అమ్మా, ఇల్లు మీదే, నిశ్చింతగా ఉండండి."

తెరిచిన నోరు మాట రాకుండా మూసుకోవడం బౌక్యా జీవితంలో అదే మొదలు. "ఇంకో ముక్క కేకు తీసుకోండి" అంది.

అందరూ లాకుకు వెళ్ళి వెతికారు. హిల్కే పిల్లి తప్ప ఎవరూ దొరకలేదు. "జాడ కూడా వదల్లేదు. ఆరితేరినవాడు" అన్నారు ఇంజినీరుగారు, కాస్త మెచ్చుకోలుగానే. ఆ తర్వాత తలుపులూ వంతెనా తెరుచుకున్నాయి, పడవలు తిట్టుకుంటూ ఎవరి దారిన అవి వెళ్ళాయి.

సాయంత్రం మిగిలిన కేకు పట్టుకెళ్ళి బౌక్యా తమ్ముడికి కుండీ సంగతి చెప్పింది. హిల్కే పడిపడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాడు.

"అంటే అక్కా, పొద్దున్న నేను రాసిందేదీ నీకు చేరలేదా?"

"లేదు. నేను రాసింది నీకు చేరిందా?"

"లేదే."

బౌక్యా కేకులో ఇంకో ముక్క కోసి తమ్ముడి ముందు పెట్టింది.

"ఇంతకీ ఏం రాశావు?" అన్నాడు హిల్కే.

"ఏం లేదు. నువ్వేం రాశావు?"

"నేనూ ఏం లేదు."

"అంతేలే" అంది బౌక్యా.

ఇంటికి వచ్చి, కుండీని గట్టుకు అటు చివరన పెట్టి, ఎర్రదీపం ఆరి ఉందని సరిచూసుకుని, ఆమె ఒక్క వాక్యం కొట్టింది. "నాన్న గడియారం నీ దగ్గరే ఉంది కదూ?"

కాఫీ చల్లారేదాకా చూసింది. కిందిసగం ఖాళీగానే ఉంది. మోడెమ్ బాగైందని, ఈసారి మాట తమ్ముడికే చేరిందని చెప్పడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదనిపించింది.