నలభయ్యో రిఫరెన్సు

విశ్వవిద్యాలయ పరిశోధన పత్రిక తాజా సంచికలో ఒక్క కామా కూడా తప్పుగా పడలేదని తెలియజేయడానికి సంబంధిత అధికారులు సంతోషిస్తున్నారు. ఈ ఘనకార్యానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఆడపిల్లల హాస్టల్లో మూడు వందల మంది కడుపులు పట్టుకుని తిరిగారు గానీ, అది వేరే శాఖకు చెందిన విషయం.

సంగతి మొదలుపెట్టింది సూక్ష్మజీవశాస్త్రం లెక్చరరు. ఆవిడ చెల్లెలి కూతురు ఆ హాస్టల్లోనే ఉండి చదువుకుంటోంది. "పెద్దమ్మా, ఇవాళ కూడా కడుపునొప్పే" అని ఆ పిల్ల వారానికి మూడుసార్లు ఫోన్ చేస్తుంటే, ఆవిడ ఉండబట్టలేక ఒక సీసా పట్టుకెళ్ళి, హాస్టల్ మేడమీది ట్యాంకులోంచి నీళ్ళు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. హాస్టల్లో కంటే ఆ చుక్కలోనే జనాభా ఎక్కువగా ఉంది. అప్పటికప్పుడు రిపోర్టు రాసి రిజిస్ట్రారు దగ్గరికి పరుగెత్తింది.

రిజిస్ట్రారు మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ చూపించి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మీ మీద మాకు పూర్తి నమ్మకం ఉందమ్మా. కానీ రేపెవరైనా అడిగితే? అచ్చులో లేని మాట పట్టుకుని ట్యాంకు కడిగిస్తే యూనివర్సిటీ పరువేం కావాలి? మన పత్రికలో వేయించండి. వచ్చిన మర్నాడే చూద్దాం."

మాట న్యాయంగానే ఉందనిపించింది. ఆవిడ రెండు రోజుల్లో వ్యాసం రాసి పత్రిక ఆఫీసుకి పంపింది. అది వచ్చేదాకా నీళ్ళు కాచుకుని తాగమని పిల్లకి చెప్పింది. గదుల్లో నీళ్ళు కాచుకోవడం నిషేధమనీ, ఆ నియమం మాత్రం అచ్చులోనే ఉందనీ పిల్ల చెప్పింది.

పత్రిక ఆఫీసంటే ఒక గది, మూడు బీరువాలు, ఒక కామాగారు. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుందంటారు. వ్యాసం చివర ఉండే రిఫరెన్సుల జాబితా, అంటే ఏ మాట ఎవరి దగ్గర తెచ్చుకున్నామో చెప్పే పట్టిక, నియమావళి ప్రకారం ఉందో లేదో చూడటం ఆయన ఉద్యోగం. స్టీలు స్కేలు పెట్టి మార్జిన్లు కొలుస్తాడు. ఒక చుక్క వాలుగా ఉందో నిటారుగా ఉందో భూతద్దంలో చూసి చెప్పగలడు. జాబితాకి పైన ఉన్న పుటలను మాత్రం మడిచి, వాటిమీద పేపర్‌వెయిట్ పెడతాడు.

"పైన ఏం రాశారో నేను చూడనండి" అన్నాడు ఆవిడతో వినయంగా. "చూస్తే ఏదో ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది. ఈ సీట్లో అది మంచిది కాదు."

సంవత్సరం బ్రాకెట్లలో లేదని వ్యాసం మొదటిసారి తిరిగొచ్చింది. ఆవిడ బ్రాకెట్లు పెట్టింది. బ్రాకెట్ తర్వాత చుక్క లేదని రెండోసారి తిరిగొచ్చింది. చుక్క పెట్టేలోగా నియమావళికి కొత్త ముద్రణ వచ్చి, అందులో బ్రాకెట్లు రద్దయ్యాయి. పత్రికల పేర్లు వాలుగా, సంపుటి సంఖ్యలు లావుగా, పుటల సంఖ్యలు యథాతథంగా ఉండాలన్నారు. ఆవిడ కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుని వాల్చవలసినవి వాల్చింది, లావు చేయవలసినవి చేసింది. ఈలోగా హాస్టల్ పిల్లలు పదహారుమంది పరీక్ష మధ్యలో లేచి పరుగెత్తారు. విద్యార్థినుల్లో ఏకాగ్రత తగ్గుతోందని విచారం వ్యక్తం చేస్తూ ఒక సర్క్యులర్ వచ్చింది.

నాలుగోసారి కామాగారు స్వయంగా పిలిపించాడు.

"మీవి పదకొండు రిఫరెన్సులే ఉన్నాయి మేడమ్. నలభై ఉండాలి."

"ఇది కొత్త సంగతండీ. దీనిమీద ఇంతకుముందు ఎవరూ రాయలేదు."

"మరి అదే కదండీ లోపం."

"ఆ నీళ్ళలో క్రిములున్నాయండీ. నా కళ్ళతో నేను చూశాను."

"మీరు చూశారు, కాదనను. ఎవరు చెప్పారు?"

పదిహేనేళ్ళ సర్వీసులో ఆవిడకి మొదటిసారి ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేక లైబ్రరీకి వెళ్ళింది.

వెతికితే దొరకనిదేముంది? నీరు ద్రవపదార్థమని ఆరుగురు పండితులు చెప్పారు. దాహం వేస్తే మనుషులు నీళ్ళు తాగుతారని నలుగురు నిరూపించారు. కడుపు శరీరంలో భాగమేనని ముగ్గురన్నారు, ఒకాయన విభేదించాడు, నిష్పాక్షికత కోసం ఆయన్నీ చేర్చింది. పత్రిక సంపాదకుడు తన యవ్వనంలో రాసిన పద్నాలుగు వ్యాసాలకీ నీళ్ళకీ ఎలాంటి సంబంధమూ లేదు గానీ, అవీ చేర్చింది. అన్నీ ఒకే కొలతకి రావాలని, నియమావళిలో ఇచ్చిన నమూనా వాక్యాన్ని జాబితా అడుగున అతికించుకుని, దాన్ని చూసి ఒక్కొక్కటీ దిద్దుకుంటూ వచ్చింది. చివర్లో లెక్కపెడితే సరిగ్గా నలభై ఉన్నాయి. నమూనాని తీసేయలేదన్న సంగతి ఆవిడకి తట్టలేదు.

కామాగారు ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎర్రపెన్సిల్ తీశాడు. ముప్పై తొమ్మిదింటికీ వంకలు పెట్టాడు. నలభయ్యోదాని దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది చూడండి మేడమ్. ఇంటిపేరు, కామా. మొదటి అక్షరం, చుక్క. వ్యాసం పేరు. పత్రిక పేరు, ఎంత ఒద్దికగా వాలిందో. ఇరవై రెండేళ్ళలో ఇలాంటిది నా చేతిమీదుగా పోలేదు. ఈయనెవరో గానీ మహానుభావుడు."

ఆవిడ తొంగి చూసింది. రచయిత పేరు ఉండవలసిన చోట 'రచయిత ఇంటిపేరు' అని, వ్యాసం పేరు ఉండవలసిన చోట 'వ్యాసం పేరు' అని ఉంది. నిజం చెబుదామని నోరు తెరిచింది. చెబితే వ్యాసం అయిదోసారి వెనక్కి వెళ్తుంది. సంచీలో ఫోన్ మోగింది, పిల్ల దగ్గర్నుంచి. ఆవిడ నోరు మూసుకుంది. ఆ ఒక్క రిఫరెన్సు మీది గౌరవంతో కామాగారు మిగతా ముప్పై తొమ్మిదింటినీ క్షమించి ముద్ర కొట్టాడు.

పత్రిక వచ్చిన మర్నాడు ఆవిడ రిజిస్ట్రారు గదిలోకి వెళ్ళేసరికి ఆయన లేచి నిలబడ్డాడు.

"కమిటీ మిమ్మల్ని ఏకగ్రీవంగా అభినందించిందమ్మా. ఇంత చక్కని జాబితా ఉన్న వ్యాసాన్ని ఆషామాషీగా తీసుకోకూడదు. ట్యాంకు సంగతి నిగ్గు తేల్చడానికి నిపుణుల సంఘం వేస్తున్నాం. అధ్యక్షుడిగా మీ నలభయ్యో రచయితనే పిలవాలని తీర్మానం. ఆయన అడ్రసు ఇస్తారా?"

ఆవిడ ఉన్నమాట చెప్పేసింది. "అలాంటి మనిషెవరూ లేరు సార్. అది నియమావళిలోని నమూనా. పొరపాటున ఉండిపోయింది."

రిజిస్ట్రారు గంభీరంగా ఆలోచించాడు.

"ఆ మాట అచ్చులో ఎక్కడైనా ఉందా అమ్మా?"

ఆవిడ బయటికొచ్చి, రెండు చీపుళ్ళు, ఒక డబ్బా బ్లీచింగ్ పౌడరు తీసుకుని హాస్టల్ మేడెక్కింది. వెనకాల చెల్లెలి కూతురూ మరో ఎనిమిదిమంది పిల్లలూ బకెట్లతో ఎక్కారు. ట్యాంకు ఖాళీ చేసి, లోపల దిగి, గోడలు తోమి, మళ్ళీ నింపడానికి రెండున్నర గంటలు పట్టింది. వారం తిరక్కుండా హాస్టల్లో కడుపునొప్పులు ఆగిపోయాయి.

పై వారం ఆవిడకి మెమో అందింది. అనుమతి లేకుండా ట్యాంకు కడిగి, అచ్చయిన పరిశోధనా ఫలితాన్ని అబద్ధం చేసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. సంజాయిషీకి కనీసం పది రిఫరెన్సులు జతపరచాలి. ఆవిడ ప్రస్తుతం లైబ్రరీలో ఉంది.

ఇదంతా విన్న పెద్దలు కొందరు, ఈ కథకి ఆధారమేమిటని అడుగుతున్నారు. అడగవలసిందే. మీరూ అడగండి. మేడెక్కి మీ ఇంటి ట్యాంకు మూత ఎత్తి చూడటం కంటే అదే సుఖం.