ఒకే పాస్‌వర్డ్ ఉమ్మడి కుటుంబం

ప్రైవసీ అనేది పనీపాటా లేనివాళ్ళకు పట్టే జబ్బు. కావాలంటే చూడండి, చేతినిండా పనున్నవాళ్ళెవరూ ఆ మాట ఎత్తరు. నాలుగు మెతుకులు తిని కాస్త తీరిక దొరికినవాడే "నా వివరాలు, నా ఫోను, నా ఇష్టం" అంటూ మొదలుపెడతాడు.

అసలు మన దగ్గర దాచుకోవడానికి ఏముందండీ? గనులా? నిధులా?

ఈ ప్రశ్న నాది కాదు, మా బాబాయిది. మా వాళ్ళందరూ ఆయన్ను పాస్‌వర్డ్ బాబాయి అంటారు. బంధువుల్లో ఎవరు కొత్త ఫోను కొన్నా పెట్టె కూడా విప్పకుండా నేరుగా ఆయన దగ్గరికే తెస్తారు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, అద్దం మీది పల్చటి ప్లాస్టిక్ పొరను గోటితో లేపి, తనే ఐడీ పెట్టి, తనే పాస్‌వర్డ్ కొట్టి, అన్నీ సిద్ధం చేసి చేతిలో పెడతాడు. మనిషికో ఐడీ పెడితే ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకని అందరికీ ఒకటే ఐడీ, ఒకటే పాస్‌వర్డ్.

"ఒక్క ఇంటికి ఎన్ని తాళాలమ్మా? ఒకటి చాలదూ!" అంటాడు.

దాంతో ఎంత మేలు జరిగిందో చూడండి. వాటాలు పంచుకుని, పొయ్యిలు వేరు చేసుకుని, వీధికొకరుగా చెదిరిపోయిన మా ఉమ్మడి కుటుంబం ఒక్క పాస్‌వర్డ్‌తో మళ్ళీ ఒకటైంది! ఒకరు తీసిన ఫోటో అందరి ఫోన్లలోకీ వస్తుంది. ఒకరి కాంటాక్టులు అందరి కాంటాక్టులు. ఒకరు ఏదైనా వెతికితే, మిగతావాళ్ళు మొదటి అక్షరం కొట్టగానే అదే ప్రత్యక్షమవుతుంది.

మా తాతయ్య ఒక రోజు గుట్టుగా చెవి మిషన్ కోసం వెతికాడు. అప్పటిదాకా ఆయన కావాలనే వినిపించనట్టు నటిస్తున్నాడని అందరం అనుకునేవాళ్ళం. మర్నాటి నుంచి ఇంటిల్లిపాదీ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరవడం మొదలుపెట్టాం. ఆయన బతిమాలినా మానలేదు. చివరికి మా గోల భరించలేక మిషన్ కొనుక్కున్నాడు. ప్రైవసీ ఉన్న ఇళ్ళల్లో ముసలివాళ్ళకు ఇంత ఆదరణ దొరుకుతుందా?

కొందరు చదువుకున్నవాళ్ళు యాప్‌ల మీద కూడా సణుగుతుంటారు. టార్చిలైటు యాప్‌కు మన కాంటాక్టులెందుకు అని అడుగుతారు. చీకట్లో మనం జారిపడితే అది ఎవరికో ఒకరికి కబురు చెప్పొద్దూ? అలారం యాప్‌కు మనం ఎక్కడున్నామో ఎందుకు అంటారు. ఎక్కడ నిద్రపోతున్నామో తెలియకుండా ఎలా లేపుతుందండీ పాపం! కన్నతల్లి కూడా మనల్ని ఇన్ని ప్రశ్నలు అడగలేదు. ఇంత పట్టించుకునేవాళ్ళు దొరికితే కళ్ళకద్దుకోవాల్సింది పోయి, అనుమానమా?

ఇలా స్వర్గంలా సాగుతున్న మా కుటుంబంలో ఒక్కరికి మాత్రం ఇబ్బంది వచ్చింది. మా వదినకు.

వదిన మా పిన్ని దుకాణంలో కుడుతుంది. పిన్ని అంటే పాస్‌వర్డ్ బాబాయి భార్య. బజారులో ఆమె కుట్టు దుకాణమంటే తెలియనివాళ్ళు లేరు. పెళ్ళయి వచ్చిన కొత్తలో వదిన చేతికి కత్తెర ఇచ్చి గుడ్డ కోయడం నేర్పింది పిన్నే. ఇప్పుడు గోడ పక్కనున్న కటింగ్ బల్ల వదినది, గుమ్మం పక్కనున్న కుర్చీ పిన్నిది.

వదినకు కొన్నాళ్ళుగా ఒక కోరిక. చిన్నపిల్లల బట్టలు మాత్రమే కుట్టే ఒక చిన్న దుకాణం, తనదంటూ ఒకటి పెట్టుకోవాలని. పిన్నికి పిల్లల బట్టలంటే పడదు. "కొలత తీసేలోపు గుమ్మం దాటేస్తారు వెధవలు" అని పంపించేస్తుంది. కాబట్టి పిన్ని గిరాకీకి ఏ లోటూ రాదు. అయినా ఈ మాట పిన్నికి ఎలా చెప్పాలి? పని నేర్పిన మనిషికి వెళ్ళిపోతానని చెప్పడం మాటలా?

అందుకని వదిన ఒక పద్ధతి అనుకుంది. ముందు గది కుదరాలి. కుదిరిన రోజున, దుకాణం కట్టేసే వేళకు, పిన్ని తీరిగ్గా కూర్చున్నప్పుడు, తనే స్వయంగా చెప్పాలి. ఈ సంగతి మా అన్నయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఆ మాటలు తనలో తనే కూర్చుకునేది. 'చిన్నత్తయ్యా, మీ గిరాకీ ఒక్కటి కూడా ముట్టుకోను...' కాదు, అలా మొదలుపెడితే ఇప్పటికే ముట్టుకున్నట్టుంటుంది. 'చిన్నత్తయ్యా, మీరు నేర్పిన పనే...' ఇది కాస్త నయం. ఇలా మాటలు మారుస్తూ మారుస్తూ ఒక చొక్కా కాలరు మాడ్చింది కూడా.

గది దొరికింది. ఆకుపచ్చ షట్టరు, ఒక కిటికీ, గోడకు కాస్త చెమ్మ. ఓనరు రెండు రోజుల్లో చెబుతానన్నాడు. ఆ సంతోషంలో పాస్‌వర్డ్ సంగతి మరిచిపోయి, వదిన గదిని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసింది. బల్ల ఎంత పొడుగు పడుతుందో చూద్దామని గోడకు ఆనుకుని రెండు చేతులూ బారుగా చాపి నిలబడి, పక్క కొట్టు ఆయన చేత ఒక ఫోటో తీయించుకుంది. ఓనరు నంబరును 'ఆకుపచ్చ షట్టర్ ఓనర్' అని దాచుకుంది.

దాచుకుందట! మా కుటుంబంలో ఆ మాటకు అర్థం ఏమిటో మీకు ఇప్పటికే తెలిసే ఉంటుంది.

మర్నాడు ఒక నర్సమ్మ గౌను కుట్టించుకోవడానికి వచ్చింది. పిన్ని తన ఫోనులో చేతుల మోడళ్ళు తీసి ఆమెకిచ్చింది. నర్సమ్మ వేలితో జరుపుకుంటూ పోతోంది.

"ఇది బాగుంది... అమ్మో ఇది వద్దు, బస్తాలా కనిపిస్తాను... ఇదేంటండీ, ఈ చేతులు మరీ ఇంత బారుగా ఉన్నాయి?"

పిన్ని ఫోను తీసుకుని చూసింది. ఖాళీ గదిలో, రెండు చేతులూ చాపి, నవ్వుతూ వదిన! దుకాణంలో రోజూ చూసే ముఖమే. ఆ నవ్వు మాత్రం పిన్ని ఎప్పుడూ చూడలేదు.

"ఇది మోడల్ కాదులెండి" అని ముందుకు జరిపింది. తర్వాతి ఫోటో షట్టరుది. ఆ తర్వాతిది కిటికీది.

కటింగ్ బల్ల దగ్గర వదిన కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది.

"చిన్నత్తయ్యా, నేనే చెబుదామనుకున్నాను..."

"ఆ పైజామా అయిందా?" అంది పిన్ని.

అంతే. ఆ రోజంతా ఆ దుకాణంలో మిషన్లు తప్ప మనుషులు మాట్లాడలేదు.

అయితేనేం? మిగతా కుటుంబం మాట్లాడింది! వదిన ఇంటికి చేరేసరికి ఫోను మోగుతూనే ఉంది. చెమ్మకు ఏ రంగు వేస్తే ఆగుతుందో ఒకరు చెప్పారు. షట్టరుకు ఆకుపచ్చ రంగు అస్సలు నప్పలేదన్నారు మరొకరు. "మాకు ముందే చెబితే మేం కాదన్నామా?" అని అలిగినవాళ్ళు అలిగారు. ఎంత ప్రేమ!

ఆ ప్రేమ అక్కడితో ఆగిందా? ఓనరు నంబరు కూడా అందరి దగ్గరా ఉందాయె! మన పిల్ల నోట్లో నాలుక లేనిది, బేరం ఆడలేదు పాపం అని ఒకరికి తెలియకుండా ఒకరు ఆయనకు ఫోను చేశారు.

రెండో రోజు ఓనరే వదినకు ఫోను చేశాడు.

"ఏమ్మా, గది చూడ్డానికి నువ్వొక్కదానివే వచ్చావు కదా?"

"అవునండీ, ఒక్కదాన్నే."

"మరి వీళ్ళంతా ఎవరమ్మా? ఒకాయన అద్దె తగ్గించమంటాడు. ఒకావిడ నీకు నడుం నొప్పి, కుర్చీ కూడా నన్నే వేయించమంటుంది. ఇంకొకాయనైతే, నేను మంచివాణ్ణేనా అని నన్నే అడిగాడు! నన్నేం చెప్పమంటావు?"

"వాళ్ళు... మా వాళ్ళేనండీ."

"అర్థమైందమ్మా. గది చిన్నది. మీకు చాలదు" అని పెట్టేశాడు. సాయంత్రానికి ఆ గది ఒక గడియారాల మెకానిక్కు ఇచ్చేశాడు. ఆ మెకానిక్కు నా అన్నవాళ్ళు ఎవరూ లేరట. ఓనరు ఆ మాట ఒకటికి రెండుసార్లు అడిగి మరీ ఖాయం చేసుకున్నాడట.

గది పోయింది. పిన్ని మాట్లాడటం లేదు. మా వదిన ఏడ్చి గోల చేసే మనిషి కాదు. సెలవు రోజు పొద్దున్నే తలదువ్వుకుని, బాబాయి ఇంటికి వెళ్ళి, ఫోను బల్ల మీద పెట్టింది. ఆ సమయానికి మేమందరం అక్కడే ఉన్నాం. ఎందుకున్నామంటారా? ఒకరు ఎటు కదిలినా అందరి ఫోన్లూ చూపిస్తాయి కదా!

"చిన్నమామయ్యా, నా ఫోను విడిగా చేసివ్వండి."

బాబాయి ముఖం చిన్నబోయింది. "మనలో మనకు దాపరికాలేంటమ్మా? నీ దగ్గర దాచుకునేదేముంది?"

"ఏమీ లేదు మామయ్యా."

"మరి?"

వదిన చెయ్యి చాపింది. "పోనీ, మీ ఫోను ఒకసారి ఇస్తారా? నా ఫోటోలు అందులో ఎలా కనిపిస్తున్నాయో చూసుకుంటాను."

ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగింది. బాబాయి చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"నాది... నాది వేరే ఐడీ అమ్మా."

బాబాయి జేబులోని ఫోనును ఇంకాస్త లోపలికి నొక్కాడు.

"అంటే, ఆఫీసు వ్యవహారాలుంటాయి కదా. పదిమందీ చూసేవి కావు."

"ఏంటీ?" అన్నాడు తాతయ్య. మిషన్ పెట్టుకున్నాక ఆయనకు చీమ నడిచినా వినిపిస్తోంది. "వీడిది వేరేనా? ఓరి నీ తెలివి తెల్లారా!"

పాఠకులు బాబాయిని అపార్థం చేసుకోకూడదు. ఆయన చేసినదాంట్లో తప్పేముంది? లోకమంతా నడుస్తున్నది అలాగే కదా! మన పుట్టినరోజు, మన మోకాలి నొప్పి, మనం ఏ సందులో ఎంతసేపు నిలబడ్డామో కంపెనీలవాళ్ళకు కావాలి. వాళ్ళ సంగతి ఒక్కటి అడగడానికి ఫోను చేసి చూడండి. 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అని సంగీతం వినిపిస్తారు. మన వివరాలతో ఏం చేస్తారో మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో రాసి, కింద 'అంగీకరిస్తున్నాను' అని ఒక పెద్ద బటన్ పెడతారు. దాచుకోవడానికి ఏముంది అని అడిగేవాడి దగ్గరే దాచుకునేవి ఎక్కువుంటాయి. పాపం, ఆ బరువంతా వాళ్ళే మోస్తున్నారు!

అప్పుడు వంటింట్లోంచి పిన్ని వచ్చి, తన ఫోను కూడా బల్ల మీద పెట్టింది.

"నాది కూడా విడదీయండి."

"నీకెందుకే? నీ ఫోనులో ఏముందని?"

"ఏముందో ఏం లేదో చూసుకోవడానికి నాకూ కళ్ళున్నాయిగా." తర్వాత వదిన వైపు తిరిగింది. "నువ్వొచ్చి చెబితే వినేదాన్నమ్మాయ్. ముందు కోప్పడేదాన్ని, అది వేరే సంగతి. రెండు రోజులు మాట్లాడేదాన్ని కాదు. ఆ తర్వాత సంతోషించేదాన్ని. ఎవరో గౌను కుట్టించుకునే ఆవిడ ముందు, ఆ ఫోటో చూసి, నేనేమనుకోవాలో నాకే తెలియలేదు."

"చెప్పడానికి మాటలు కూడా కూర్చుకున్నాను చిన్నత్తయ్యా."

"ఏవీ, చెప్పు."

వదిన నోరు తెరిచింది. చుట్టూ చూసింది. మేమందరం ముందుకు వంగి కూర్చున్నాం. తాతయ్య మిషన్ సరిచేసుకుంటున్నాడు.

"ఇక్కడ కాదులే" అంది పిన్ని. "లోపలికి రా."

ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఎంతసేపు మాట్లాడుకున్నారో, ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. ఫోన్లు రెండూ బల్లమీదే ఉన్నాయి కాబట్టి కంపెనీలకు కూడా తెలియదు. ఎంత అన్యాయమో ఊహించండి!

బయటికొచ్చాక బాబాయి రెండు ఫోన్లూ విడదీశాడు. వదిన పాస్‌వర్డ్ కొడుతున్నంతసేపూ ముఖం గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆ కాసేపు ఆయన పడ్డ బాధ చెప్పనలవి కాదు. ఆ తర్వాత ఒక్కో యాప్ అడుగుతుంటే, కాంటాక్టులు చూడనా, ఎక్కడున్నారో చూడనా అని, వదిన ఓపిగ్గా ఒక్కొక్కదానికీ 'వద్దు', 'వద్దు' అని నొక్కుకుంటూ పోయింది. పెళ్ళయి వచ్చాక ఆమె ఇన్నిసార్లు వద్దనడం మేమెవరం చూడలేదు.

ఇప్పుడు మా కుటుంబం దుస్థితి చూడండి. మొన్న మధ్యాహ్నం పిన్నీ వదినా, దుకాణానికి తాళం వేసి ఇద్దరూ కలిసి ఎక్కడికో వెళ్ళొచ్చారు. ఎక్కడికి? ఏ ఫోనులోనూ ఫోటో రాలేదు. ఏ కొత్త నంబరూ కనిపించలేదు. సలహా ఇవ్వడానికి, బేరమాడటానికి, అలగడానికి ఎవరికీ వీలు లేకుండా పోయింది! బాబాయికి ఆకలి మందగించింది. నేను వదినను నేరుగానే అడిగాను.

"చెబుతాలే" అంది వదిన.

ఏం చేస్తాం! కాచుకుని కూర్చున్నాం. ఆమెకు చెప్పాలనిపించిన రోజున చెబుతుంది. మా వదిన సంగతిని మా వదిన నోటి నుంచి వినడం మాకు అదే మొదటిసారి అవుతుంది.