ఇంటికో బుడ్డి

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. ఈ కబురు గుడారాల్లో కాపురమున్న అధికారుల చెవిన పడగానే ‘అల్పవ్యయ అధికశక్తి ఆపత్కాల ఫలహార నిర్ణయ సంఘం’ వెలిసింది. చవకగా దొరికి, ఎక్కువ బలమిచ్చే తిండి ఏదో తేల్చి, కరువు ఊళ్లలో ఇంటింటికీ మూట కట్టి పంచడం దాని పని. ఇంత ముందుచూపు గల ఏలుబడి మన పూర్వజన్మ సుకృతం.

సంఘంలో ఒక్కరైనా ఆకలి ఎరిగినవారు ఉండాలని నిబంధన. అందుకని కోసిగి నుంచి సుబ్బక్కను పిలిపించారు. అప్పటికే ఆ ఊరు సుగ్గికి, అంటే కూలి వెతుక్కుంటూ తుంగభద్ర అవతలికి, మూటాముల్లె సర్దుకుంటోంది. సుబ్బక్క కోడలు తిమ్మమ్మ పచ్చి బాలింత.

“నేను పోయి తిండి మూట తెస్తా. పసిబిడ్డనెత్తుకోని యాడికీ పోవాకుమే” అని కోడలికి గట్టిగా చెప్పి సుబ్బక్క కర్నూలు చేరింది.

అధ్యక్షులు ఆనందం గారు కోనసీమవారు. అన్నం తిని, తాంబూలం వేసుకున్న తరువాతే రుచి పరీక్ష అని వారి శాసనం. ఆకలి మీదున్న నాలుక ప్రతిదాన్నీ బాగుందంటుంది, అది పక్షపాతం. కాబట్టి సుబ్బక్కను గుడారం బయట ఎండలో కూర్చోబెట్టారు. న్యాయమంటే అలా ఉండాలి.

లోపల పరీక్ష జోరుగా సాగింది. జీడిపప్పులో బలముంది గాని చవక కాదన్నారు. బొరుగులు చవకే, బలం లేదన్నారు. సున్నుండలు మళ్లీ మళ్లీ పరీక్షకు నిలిచాయి, పళ్లెం ఖాళీ అయ్యాక గాని వాటి మీద అభిప్రాయభేదం తీరలేదు. ఉపవాసాన్ని మించిన చవక ఆహారం లేదని, ఒంటికి కూడా మంచిదని ఒక వైద్యసభ్యుడు వాదించాడు. మధ్యమధ్య నోరూరుకోక అందరూ వేయించిన వేరుశనగ పప్పులు నములుతూనే ఉన్నారు.

చివరికి ప్రజాభిప్రాయం కోసం గుడారం గుడ్డ కాస్త పక్కకు జరిపి, “ఏం కావాలమ్మా?” అని అడిగారు.

సుబ్బక్క లేచి దండం పెట్టింది. “బుడ్డలు, బెల్లం ఇయ్యండప్పా. బుడ్డలుంటే సాలు, మా ఇంటి దీపం నిలబడతాది.”

కోసిగిలో వేరుశనగను బుడ్డలంటారు. ఆమె చెప్పిన ఇంటి దీపం తిమ్మమ్మ ఒడిలోని మనవడు. ఆనందం గారి వైపు బుడ్డి అంటే కిరసనాయిలు దీపం. ఆయన కళ్లు చెమర్చాయి.

“చూశారా సోదరులారా! కడుపు మాడుతున్నా ఈ తల్లి అన్నం అడగలేదు, వెలుగు అడిగింది! ఇటువంటి జాతికి కరువేమిటి?”

చప్పట్లు మోగాయి. బెల్లం శుభకార్యాలకు వాడే వస్తువు గనక, కరువు అశుభం గనక, దాన్ని కొట్టేశారు. కిరసనాయిలు తిండి పద్దు కిందికి రాదు గనక అదీ పోయింది. ఇక ఇంటికో బుడ్డి మంజూరైంది.

బండ్లు కోసిగి చేరిన నాడు ఆనందం గారే స్వయంగా వచ్చి మూటలు పంచారు. సుబ్బక్క ఆత్రంగా ముడి విప్పింది. ఖాళీ బుడ్డి దొర్లింది. ఆమె మూటగుడ్డ దులిపి చూసింది.

“ఇదేందప్పా? బుడ్డలు యాడ?”

ఆనందం గారు చిరునవ్వుతో జేబులోంచి నాలుగు పప్పులు తీసి నోట్లో వేసుకున్నారు.

“అయ్యో, ఇయ్యేనప్పా బుడ్డలు!”

“కాదమ్మా, ఇవి వేరుశనగ పప్పులు. బుడ్డి అంటే అదిగో, నీ చేతిలో ఉన్నది” అని ఆయన ఓపిగ్గా బోధించారు. ఈ ప్రాంతీయులకు తెలుగు సరిగ్గా రాదని అప్పుడే గ్రహించి, అందుకో ఉపసంఘం వేయాలని అక్కడే నిశ్చయించారు.

ఆ సాయంత్రమే తిమ్మమ్మ బిడ్డను చీరకొంగులో చుట్టుకుని సుగ్గి జనంతో రైలెక్కింది. సుబ్బక్క బండి కదిలేదాకా కిటికీ ఊచ వదల్లేదు. పంచిన బుడ్లలో ఒక్కటీ చెడలేదని, ఒక్కటీ ఎలుకలు కొట్టలేదని, ఆపత్కాల ఫలహారాల్లో ఇంతగా నిలవ ఉన్నది మరొకటి లేదని సంఘం పై అధికారులకు నివేదించింది.

ఆనందం గారిని చూసి నవ్వుకుంటున్న చదువరులకు ఒక మనవి. మొన్న మీ గుమ్మం ముందు నిలబడి ఒకామె ఏదో అడిగింది. ఆమె యాసకు మీరంతా భలే నవ్వారు. ఇంతకూ ఆమె ఏమడిగింది?