నలభై ఒక్క దరఖాస్తులు, ఒక ప్లాస్టిక్ మొక్క

"ఈ గదిలోంచి ఎవరూ బయటికి వెళ్ళకూడదు. దోషి ఇక్కడే ఉన్నాడు," అన్నాడు భూతద్దం.

గదిలో ఉన్నది ముగ్గురం. నేను, మా అక్క, వాడు. అక్క పొయ్యి మీద పాలు పెట్టి వచ్చింది కాబట్టి ఆ ఆజ్ఞను పట్టించుకోకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి 'అనుమానితురాలు పరారీ' అని రాసుకున్నాడు.

భూతద్దం అనేది వాడి అసలు పేరు కాదు. వాడు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. అక్కణ్ణుంచి తెచ్చుకున్న భూతద్దం ఒకటి జేబులో వేసుకుని, షాపు మూసేశాక డిటెక్టివ్ అయిపోతాడు. "పరిష్కారం కాని కేసులు లేవు, నా దాకా రాని కేసులే ఉన్నాయి" అని అందరికీ చెప్పుకుంటాడు. ఇప్పటిదాకా ఛేదించినవి రెండు. పై వాటాలో ఉండే టీచర్‌గారి గొడుగు ఎవరు కాజేశారో వారం రోజులు ఆరా తీశాడు. ఒక వానరోజు ఆ గొడుగే వేసుకుని వెళ్ళి, దొంగ త్వరలోనే దొరుకుతాడని ఆవిడకి ధైర్యం చెప్పి వచ్చాడు. రెండోది వాడి సొంత తాళంచెవి కేసు. దాని గురించి మాట్లాడుకోకూడదని మా ఇద్దరి మధ్య ఒప్పందం.

మూడోది నా కేసు. నేను యూఎక్స్ డిజైనర్ని. అంటే, యాప్‌లో ఏ బటన్ ఎక్కడుంటే మనిషి తిట్టుకోకుండా పని చేసుకుంటాడో ఆలోచించేవాణ్ణి. అలా ఆలోచించమని నాకింకా ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. మూడు నెలల్లో నలభై ఒక్క కంపెనీలకు దరఖాస్తు పెడితే ఒక్క ఫోనూ రాలేదు. ఈ నెలాఖరుకి ఏదో ఒకటి తేలకపోతే మా బావ కుళాయిల షాపులో కూర్చోవాలి. బావ చాలా మంచివాడు. ఆ మంచితనం కొద్దీ నా కొలతలకి షాపు చొక్కా ముందే కుట్టించేశాడు. దాని జేబు మీద నీళ్ళు కారుతున్న కుళాయి బొమ్మ ఉంటుంది. కారే కుళాయిని చూపించి కుళాయిలు అమ్మే షాపు ఇదొక్కటేనేమో. ఆ చొక్కా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూ రోజూ నన్నే చూస్తోంది.

"నలభై ఒక్కరిలో ఒక్కడైనా కాదన్నాడా?" అని అడిగాడు భూతద్దం.

"లేదు."

"ఔనన్నాడా?"

"అంటే నీతో ఎందుకు మాట్లాడతానురా?"

"అదీ సంగతి. నీ దరఖాస్తులు అసలు వాళ్ళకి చేరలేదు. దారిలో ఎవడో మింగేస్తున్నాడు. సాక్ష్యం చూపించు."

కాస్త గర్వంగానే నా రెజ్యూమే చేతికిచ్చాను. అందరిలా ఉండకూడదని నేను పడ్డ తపనంతా ఆ కాగితంలో ఉంది. తెల్లటి కాగితం నడిమధ్యన ఒకే ఒక్క వాక్యం: 'మిగతాది నా వెబ్‌సైట్ చెబుతుంది.' దాని కింద లింకు. చదువూ అనుభవమూ ఫోన్ నంబరూ ఈమెయిలూ లాంటి మామూలు విషయాలన్నీ తీసిపారేశాను. అనుభవం ఎలాగూ లేదు.

పాలు దించి వచ్చిన అక్క తొంగి చూసింది. "ఇదేంట్రా, ప్రింటర్లో ఇంకు అయిపోయిందా?"

"అది ఖాళీ స్థలం అక్కా. డిజైన్‌లో దానికి చాలా విలువ."

"మీ బావ షాపులో అంత ఖాళీ లేదు. నీకో స్టూలు మాత్రం వేయించాడు," అంది అక్క.

ఇక వెబ్‌సైట్ సంగతి. తెరవగానే నల్లటి తెర మీద వెండి చుక్క. దాన్ని మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే చుక్కలు చుక్కలుగా విడిపోయి నా పేరుగా మారుతుంది. ప్రాజెక్టులు కిందికి కాకుండా పక్కకి జరుగుతాయి. చివర నా ఫోటో మీద మౌసు పెడితే ఫోన్ నంబరు మెల్లగా పైకి తేలుతుంది. కనుక్కోగలిగినవాళ్ళకే నేను కావాలి అన్నది నా సిద్ధాంతం. దానికి అప్పట్లో నేనే తెగ మురిసిపోయాను.

రెండ్రోజుల తర్వాత భూతద్దం ఒక కట్ట కాగితాలతో ఊడిపడ్డాడు. నాలాంటి ముప్ఫైమంది డిజైనర్ల వెబ్‌సైట్లు ప్రింటు తీయించుకొచ్చాడు.

"చూడు. అందరి వెనకా ఒకటే గోడ, ఆ గోడ మీద అవే పసుపు కాగితాలు. అందరూ 'ఐదుగురు యూజర్లతో పరీక్షించాను' అనే రాశారు. ఇది ముఠా కాదురా. ముప్ఫై ముఖాలున్న ఒకే మనిషి."

"మేమంతా ఒకే కోర్సులో చదివాంరా. ఆ గోడ ఇన్‌స్టిట్యూట్‌ది. వరసలో నిలబడి ఫోటోలు దిగాం."

"మరి నీ ఐదుగురు యూజర్లెవరు? వాళ్ళని విచారించాలి."

ఆ ఐదుగురూ నేనే. రోజుకో చొక్కా మార్చుకుని నా యాప్‌ని నేనే వాడి, ఐదుసార్లూ పూర్తిగా సంతృప్తి చెందాను.

"ఊళ్ళో లేరు," అన్నాను.

'ఐదుగురు సాక్షులు మాయం' అని వాడు రాసుకున్నాడు.

నలభై రెండో దరఖాస్తు ఆస్పత్రుల్లో టోకెన్లు ఇచ్చే యాప్ చేసే కంపెనీకి. దానికి శుక్రవారంతో గడువు ముగుస్తుంది. మిగతావాటి మాటెలా ఉన్నా ఈ ఉద్యోగం నాకు నిజంగా కావాలి. కిందటేడు బావకి కుడిచెయ్యి విరిగినప్పుడు ఆస్పత్రిలో టోకెన్ యంత్రం ముందు ఎడంచేత్తో ఆయన పడ్డ అవస్థ చూశాకే నాకు ఈ పని మీద మనసు పడింది. ఆ మాట నా వెబ్‌సైట్లో ఎక్కడా రాయలేదు. వెండి చుక్క పక్కన అది బాగుండదనిపించింది.

"ఆ ఆఫీసు గుమ్మంలోనే దొంగని పట్టేస్తా," అన్నాడు భూతద్దం.

"దరఖాస్తు గుమ్మంలోంచి వెళ్ళదురా, నెట్‌లో వెళ్తుంది. సోమవారమే పంపేశాను."

"నెట్ ఎక్కడికెళ్తుంది? ఆఫీసుకే కదా?"

గురువారం మధ్యాహ్నం షాపుకి సెలవు పెట్టి ఆ ఆఫీసు కింది హాల్లో ప్రత్యక్షమయ్యాడు. మొక్కలకి నీళ్ళు పెట్టే మనిషి వేషం. తలకి తువ్వాలు చుట్టుకుని, కళ్ళద్దాలు తుడవడానికి వాడే స్ప్రే సీసా చేతబట్టాడు. వాణ్ణి లాక్కొచ్చేద్దామని వెళ్ళిన నేను, గార్డు అదే పనిగా చూస్తుంటే ఏం తోచక సోఫాలో కూర్చుని పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఇరవై నిమిషాల పాటు వాడు ఒకే మొక్కని తడిపాడు. అప్పుడు లిఫ్టులోంచి ఒకావిడ దిగింది. మెడలో తాడుకి వేలాడుతున్న కళ్ళజోడు, చేతిలో కాఫీ కప్పు. గార్డు లేచి నిలబడి, "డిజైన్ హెడ్ మేడం వచ్చారు, కాస్త తప్పుకోవయ్యా," అన్నాడు వాడితో.

"అది ప్లాస్టిక్ మొక్కండీ," అందావిడ.

"తెలుసు," అన్నాడు భూతద్దం తొణక్కుండా. "ఆ సంగతి దానికి తెలియకుండా చూస్తున్నాను."

ఆవిడ కప్పు కింద పెట్టింది. వాడు తువ్వాలు విప్పి గొంతు సవరించుకున్నాడు.

"మేడం, ఇక దాచి లాభం లేదు. నేను డిటెక్టివ్‌ని. మీకు రావలసిన దరఖాస్తుల్ని ఒక అదృశ్య హస్తం మాయం చేస్తోంది."

"ఎవరి దరఖాస్తండీ?"

"క్లయింటు పేరు నా నోట రాదు. ఆయన వెబ్‌సైట్ చూపిస్తాను, మీరే ఫోన్ చేసి కనుక్కోండి. నంబరు ఇందులోనే ఉంటుంది."

ఇన్నాళ్ళ స్నేహంలో వాడు నా వెబ్‌సైట్ తెరవడం అదే మొదటిసారి. సొంత ఫోన్లో తెరిచాడు. వెండి చుక్కని వేలితో టకటకా పొడిచాడు. ఏమీ కాలేదు. ఫోన్ తలకిందులు చేశాడు, ఊదాడు, భూతద్దం పెట్టి చూశాడు. "తాళం వేసి ఉంది," అన్నాడు. ఎలాగో లోపలికి జారాక ప్రాజెక్టుల కోసం కిందికి లాగాడు. అవి పక్కకి ఉన్నాయని వాడికెవరు చెబుతారు? నేనే చెప్పలేదు.

సోఫాలోంచి ఇదంతా చూస్తున్నాను. మొదట వాడి మీద ఒళ్ళు మండింది. ఇంత చిన్న విషయం తెలియదా వీడికి అనుకున్నాను. చేతులు ఊరుకోక, వాడు ఆగిపోయిన చోటల్లా పత్రిక అంచు మీద రాసుకుంటూ పోయాను. ఏడోది రాసేసరికి కోపం పోయి సిగ్గు మొదలైంది. నా పని నేను కాకుండా ఇంకో మనిషి వాడటం నేనెప్పుడూ చూడలేదు.

చివరికి వాడు నా ఫోటో దాకా చేరాడు. ముక్కు మీద నొక్కాడు, చెవి మీద నొక్కాడు. "నంబరేదీ?" అని గొణిగాడు.

ఇక ఆగలేక లేచి నిలబడ్డాను. "ఫోటో మీద మౌసు పెట్టాలిరా."

"ఫోన్లో మౌసెక్కడిదిరా?" అన్నాడు వాడు మామూలుగా.

కేసు తేలిపోయిందని ఆ హాల్లో తెలియనిది వాడొక్కడికే.

"ఆ వెండి చుక్క మీరేనా?" అంది డిజైన్ హెడ్ నావైపు తిరిగి. "సోమవారమే చూశాం, ముగ్గురం. వేరుగా కనిపించారు, అందులో సందేహం లేదు. పిలుద్దామనే అనుకున్నాం. ఎవరి ఫోన్లోనూ నంబరు దొరకలేదు. ఇంకా తొంభైమంది ఉన్నారు కదా, పక్కన పెట్టేశాం." తర్వాత నా చేతిలో పత్రిక చూసింది. "అదేంటి రాశారు?"

ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పదకొండు వాక్యాలూ నిలబడే చదివింది.

"మీరు పరీక్షించిన ఐదుగురు ఇవేవీ చెప్పలేదా?"

"ఆ ఐదుగురూ నేనేనండీ," అన్నాను. అబద్ధమాడే ఓపిక అప్పటికి అయిపోయింది.

ఆవిడ నవ్వలేదు. "రేపటిదాకా గడువుంది. ఈ పదకొండూ సరిచేసి, ఎలా సరిచేశారో అదే రాసి పంపండి. నంబరు మాత్రం పైనే ఉంచండి."

ఆ రాత్రికి చుక్క పోయింది. బావ ఎడంచేతి సంగతి మొదటి పేజీలోకి వచ్చింది. నంబరు అన్నిటికన్నా పైకెక్కింది. ఈసారి అక్క చేత, బావ చేత, టీచర్‌గారి చేత వాడించి చూసి మరీ పంపాను.

నెలాఖరు రోజు కుళాయి చొక్కా తొడుక్కుని షాపులో స్టూలు మీద కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. అప్పటికి రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి. నన్ను తీసుకున్నామని చెప్పారు. బావ అంతా విన్నాడు. "ఆ చొక్కా విప్పి ఇచ్చెయ్, ఇంకెవరికైనా పనికొస్తుంది," అన్నాడు. కాసేపటికి కుళాయిల పెట్టె సర్దుతూ, నావైపు చూడకుండా, "పోనీ ఉంచుకోలే," అన్నాడు.

ఆ సాయంత్రం భూతద్దం మా ఇంటికి వచ్చి అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టాడు. "దోషి ఈ గదిలోనే ఉన్నాడని మొదటిరోజే చెప్పానా లేదా?"

వాడి జీవితంలో మొదటిసారి వాడి మాట నిజమైంది. ఎలా నిజమైందో వాడికి తెలియదు.

"మరి నన్నెందుకు పరారీ అని రాశావు?" అంది అక్క.

"విధి నిర్వహణ," అని, వాడు కొత్తగా అచ్చు వేయించిన విజిటింగ్ కార్డుల కట్ట బయటికి తీశాడు. నల్లటి కార్డు మధ్యలో వెండి కన్ను. అటూ ఇటూ తిప్పి చూశాను.

"నంబరేదిరా?"

"కనుక్కోగలిగినవాళ్ళకే నేను కావాలి," అన్నాడు గంభీరంగా.

అక్కనడిగి తెల్ల ఇంకు పెన్ను తెప్పించుకుని, కట్ట ముందుకి లాక్కుని, ఒక్కో కార్డు మీదా వాడి నంబరు రాయడం మొదలుపెట్టాను.