రెండే ఉండాల్సిన మూట

...అయినా మేధావికి స్నేహితులుండరు, అనుకుంటున్నాడు తహీర్. ఉంటే వాళ్లనీ అనుమానించాల్సి వస్తుంది. తోటపల్లి గూడూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే మనిషిగా లోకానికి కనిపించే తాను నిజానికి ఈ తీరమంతటికీ ఏకైక అపరాధ పరిశోధకుడు. ఆ సంగతి తన కొట్టుకు వచ్చే వాళ్లెవరూ కనిపెట్టలేదు. తన మారువేషం అంత గొప్పది. మరి అప్పుడప్పుడూ ఛాతీలో ఆ వెలితి ఏమిటా అని ఆలోచించబోయి, రొయ్యల గుంట గట్టు మీద జారాడు.

“చూసి నడువు మామూ,” అంది మేనకోడలు గుల్నాజ్, ఒళ్లోని ల్యాప్‌టాప్ నుంచి తలెత్తకుండా.

మబ్బు పట్టిన ఉదయం. గుంట యజమాని రోజారమణి నీళ్లకేసి చూస్తూ నిలబడింది. రొయ్యలు గాలి చాలక పైకి తేలుతున్నాయి. నీళ్లలో ప్రాణవాయువు తగ్గగానే, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే తిరగాలి. గుల్నాజ్ రాసిన ప్రోగ్రాం పని అదే. ఇవాళ అవి కదలడం లేదు. చేత్తో స్విచ్ వేసినా ప్రోగ్రాం వెంటనే ఆపేస్తోంది. ఏరేటర్ల తీగలూ మీటర్ల తీగలూ అన్నీ ఆ ప్రోగ్రాం నడిచే పెట్టె గుండానే వెళ్తాయి.

“మద్దేనానికి పంటంతా పోతాది గుల్నాజూ.”

“ప్రాణవాయువు దండిగా ఉండాదని చెప్తా ఉందక్కా. ఎందుకో అంతుపట్టడం లేదు.”

“ఎవరూ కదలొద్దు,” అన్నాడు తహీర్. “ఇది హత్యాయత్నం.”

“ఎవర్ని మామూ?”

“రొయ్యల్ని. సామూహికంగా.” తెర మీదికి వంగాడు. “ఇదేంది?”

“టైప్ హింట్. మీటర్లు కొలిచిన అంకెలు వరసగా ఒక మూటలో వస్తాయి. దాన్ని టపుల్ అంటారు. అందులో రెండే ఉంటాయని నేను ముందే రాసి పెట్టినా. మొదట ఉప్పు, చివర ప్రాణవాయువు. చివరిది తగ్గితే ఏరేటర్లు తిరగాల.”

“హింటా. అంటే హంతకుడు క్లూ వదిలినాడన్నమాట.”

“రాసింది నేను.”

న్యాయం ముందు మేనకోడలైనా ఒకటే. “నిన్న సాయంత్రం ఎక్కడుండావ్?”

“నీ కొట్లో. నీకు టీ తెచ్చిచ్చినా.”

అది నిజమే. చక్కెర తక్కువైంది కూడా.

తహీర్ ఏరేటర్ మీది కొంగను నిలదీశాడు. అది ఎగిరిపోయింది. పరారీ, అని మనసులో గుర్తు పెట్టుకున్నాడు. తర్వాత బురదలో చెప్పుల జాడ దొరికింది. దాని వెంటే గుంట చుట్టూ తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చాడు. ఎడమ మడమ అరిగిన చెప్పు. తనదే. జీవితంలో మొదటిసారి తన మీద తనకు ఆసక్తి కలిగింది. ఈ మనిషి ఎవరు, ఎందుకిలా తిరుగుతున్నాడు, అనుకుంటూ వెనక్కి ఒక అడుగు వేశాడు.

వెనక నేల లేదు.

పడుతూ చేతికందిన తీగను పట్టుకున్నాడు. తీగ పెట్టెలోంచి ఊడి అతనితోపాటే గుంటలోకి వచ్చింది. మరుక్షణం ఏరేటర్లన్నీ ఒక్కసారిగా తిరిగాయి. నీళ్లు తెల్లగా నురగ కట్టాయి.

“ఆ తీగేంది అక్కా?” అంది గుల్నాజ్.

“నీళ్ల వేడి చూసే మీటరు. పక్క గుంట మాలకొండయ్యన్న నిన్న వాడుకోమని ఇచ్చినాడు. పెట్టెలో బొక్క ఖాళీగా ఉంటే నేనే గుచ్చినా. గుంటల కాడ ఒకరి సామాను ఒకరం వాడుకుంటాం గదా.”

గుల్నాజ్ నుదురు కొట్టుకుంది. “అది మూడో అంకెగా చివర కూర్చుంది. వేడి అంకె ఎప్పుడూ పెద్దదే, దాన్నే ప్రోగ్రాం ప్రాణవాయువు అనుకుంది. రెండేనని రాసినా గదా అని నేను మూట విప్పి చూడనేలేదు. ఆ రాత చదువుకునేది మనమే అక్కా. ప్రోగ్రాం నడిచేటప్పుడు, నేను రాసిన ఈ పైథాన్ భాష దాన్ని పట్టించుకోదు.”

రోజారమణి నీళ్లలో ఉన్న తహీర్‌ను చూసింది. ఆమె కళ్లు తడిసి ఉన్నాయి. “ఎట్టా కనిపెట్టినావన్నా?”

జీవితమంతా ఎదురుచూసిన ప్రశ్న. దానికి తగిన ఉపన్యాసం ఏళ్లుగా సిద్ధంగా ఉంది. తహీర్ నోరు తెరిచాడు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మూటలో రెండు కాక ఇంకేమున్నా వెంటనే మొత్తుకొమ్మని ప్రోగ్రాంకు రాస్తూ, గుల్నాజ్ తన వీపునే ల్యాప్‌టాప్‌కు అడ్డుపెట్టి వంగిపోయింది.

తహీర్ నోరు మూసుకున్నాడు. గట్టెక్కి, అక్కడ పడి ఉన్న ఖాళీ మేత సంచిని దులిపి, గుల్నాజ్ తల మీదుగా రెండు చేతులతో చాపి పట్టుకున్నాడు.