మట్టి ఇళ్ల మీద మా అభ్యంతరం

చల్లగా ఉండే ఇల్లు సమాజానికి హానికరం. ఈ మాట నేను ఆవేశంలో అంటున్నది కాదు. ప్రశాంతి కాలనీ అభ్యంతరాల సంఘం కార్యదర్శి హోదాలో, సంఘం లెటర్‌హెడ్ మీద, పూర్తి బాధ్యతతో అంటున్నాను.

మీ పేటలో అభ్యంతరాల సంఘం లేదా? అయ్యో పాపం! మరి మీ పక్కన ఎవరైనా ఒక మంచిపని మొదలుపెడితే దాన్ని ఆపేదెవరండీ? ఎవరి పాటికి వాళ్లు చూస్తూ కూర్చుంటారా? అందుకే ఊరూరా ఇలాంటి సంఘం ఒకటి ఉండి తీరాలంటాను. మా అనుభవం చదివాక మీరే ఒప్పుకుంటారు.

మా కాలనీ బెజవాడలో గుణదల దాటాక, ఏలూరు కాలువకి ఇవతల ఉంది. మొత్తం నలభై డాబాలు. ప్రతి డాబాకీ ఇనప గేటు, ప్రతి గేటుకీ ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని బోర్డు. నిజానికి కుక్కలున్నది మూడిళ్లలోనే. కాలనీకీ కాలువకీ మధ్య రెండున్నర ఎకరాల సర్కారు జాగా ఉంది. అందులో తుమ్మచెట్లు, పగిలిన కుండలు, మా నలభై ఇళ్ల చెత్త ఉండేవి. ఆ చెత్త ఒక్కరోజులో వచ్చింది కాదు. ఏళ్ల తరబడి అందరం కలిసికట్టుగా పోసింది.

డెబ్బయి నాలుగు వేసవిలో ఆ జాగాలోకి కృపానందం అనే ఇంజనీరు దిగాడు. మనిషికి ముప్పై నిండినట్టు లేవు. చంకలో చుట్టిన మ్యాపు, కాళ్లకి టైరు చెప్పులు. ఇంజనీరన్నవాడు టైరు చెప్పులేసుకుంటే అక్కడే అనుమానించాలి.

“ముప్పై ఆరు ఇళ్లండీ,” అన్నాడు మ్యాపు పరిచి. “మట్టిలో కాస్త సున్నం కలిపి అచ్చులో నొక్కే ఇటుకలు. బట్టీ పెట్టక్కర్లేదు, పుల్ల కూడా తగలెయ్యక్కర్లేదు. వంటకి గోబర్ గ్యాసు. స్నానాల నీళ్లు అరటి చెట్లకి పోతాయి. ఇంటింటికీ రెండు వేపమొక్కలు. ప్రకృతికి ఏ హానీ చెయ్యని ఇళ్లండీ ఇవి.”

“బాగానే ఉంది. ఎవరి కోసం?” అని అడిగారు మా సంఘం అధ్యక్షులు వెంకటప్పయ్య గారు.

“కాలువ గట్టు మీద గుడిసెలేసుకున్న వాళ్లకండీ.”

అదిగో, ఆ క్షణాన మా నలభై డాబాల్లోనూ ప్రకృతి మీద అపారమైన ప్రేమ పుట్టుకొచ్చింది. అప్పటిదాకా మేము తుమ్మచెట్ల వైపు చెత్త వెయ్యడానికే చూసేవాళ్లం. ఇప్పుడు వాటి మీద పిచ్చుకలు వాలుతాయని కనిపెట్టాం. అలాంటి అడవిని నాశనం చేస్తారా?

మర్నాడే సభ పెట్టుకున్నాం. వెంకటప్పయ్య గారికి వన్‌టౌన్‌లో సిమెంటు దుకాణం ఉంది కాబట్టి మట్టి గురించి నిష్పక్షపాతంగా ఆలోచించగలరు. ఆయనే మొదటి అభ్యంతరం చెప్పారు. మట్టి గోడలు వానకి కరిగి, బురదై, మా గేట్లకి అడ్డంపడతాయి. అప్పుడు మేము ఇళ్లలోంచి ఎలా బయటికొస్తాం? రెండో అభ్యంతరం గోబర్ గ్యాసు. అది పేలితే గుణదల కొండ ఎగిరి కృష్ణలో పడుతుంది. కృష్ణ పొంగితే ఉయ్యూరు చెరుకు తోటలు మునుగుతాయి. దేశానికి పంచదార లేకుండా పోతుంది. ఒక్క పేడ ముద్ద వల్ల ఇంత అనర్థం జరుగుతుందని ఆ ఇంజనీరు ఏనాడైనా ఆలోచించాడా?

వేపచెట్లు పెరిగితే ఆకులు రాలి మా డాబాల మీద పడతాయి. అరటిచెట్లకి నీళ్లు పెడితే దోమలొస్తాయి. మా స్నానాల నీళ్లు మురిక్కాలవ లేకుండా వీధిలోనే నిలవున్నా, ఆ దోమలు మాకు అలవాటైనవి. కొత్త దోమల సంగతి ఎవరు చెప్పగలరు? పైగా ఆ రోజుల్లో కిరసనాయిలు కోసం మైలు పొడుగు క్యూలు. క్యూలో నిలబడడం వల్ల ఓర్పు, క్రమశిక్షణ అలవడతాయి. గట్టు మీది జనానికి పేడతో పొయ్యి వెలిగితే వాళ్లకి క్రమశిక్షణ ఎక్కడినుంచి వస్తుంది?

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఆ ఇళ్లు చల్లగా ఉండడం. బెజవాడ ఎండల గురించి మీకు నేను చెప్పాలా? రోహిణి కార్తెలో మా డాబా లోపల కూర్చుంటే పెనం కింద కూర్చున్నట్టే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ వేడే తిరిగి తిరిగి మన మీదకే వస్తుంది. కరెంటు పోతే అదీ రాదు. నేను పుట్టింది ఉయ్యూరు పక్కన పల్లెటూళ్లో, మట్టి గోడల మిద్దెలోనే. మా నాన్నగారు మిట్టమధ్యాహ్నం అందులో దుప్పటి కప్పుకుని నిద్రపోయేవారు. ఆ అనాగరికం నుంచి బయటపడి, సిమెంటుకి పర్మిట్లు సంపాదించి, డాబా వేసుకుని, ఒళ్లంతా చెమటపొక్కులతో ఉండగలుగుతున్నామంటే అది అభివృద్ధి కాక మరేమిటి?

అయితే ఆ డాబాని సాయంత్రం చల్లార్చాలి కదా. ఆ పని తెరేసమ్మ చేస్తుంది.

తెరేసమ్మ మా ఇంట్లో అంట్లు తోమే మనిషి. పదకొండేళ్లుగా చేస్తోంది. రోజూ సాయంత్రం ఇరవై రెండు బకెట్ల నీళ్లు మెట్లమీదుగా మోసి శ్లాబు మీద పోస్తుంది. మొదటి ఆరు బకెట్లూ పోసినవి పోసినట్టే ఆవిరైపోతాయి. మా ఆవిడ హైమవతి ఆమెని ఇంటి మనిషిలాగే చూస్తుంది. ఆమె కాఫీ కోసం ప్రత్యేకంగా ఒక సత్తు గ్లాసు కూడా ఉంచింది. అది పెరటి గోడ మీద, దానిమ్మ మొక్క పక్కన బోర్లించి ఉంటుంది. దాన్ని ఆమె తప్ప మా ఇంట్లో ఇంకెవ్వరూ ముట్టుకోరు. మేమిచ్చే గౌరవం అలాంటిది.

ఆమె ఉండేది గట్టు మీద తాటాకు గుడిసెలో. మొగుడు శౌరయ్య రిక్షా తొక్కుతాడు. ఇద్దరు ఆడపిల్లలు. వానాకాలం వస్తే కాలువ నీళ్లు గుడిసెలోకి వస్తాయి. ఆ ముప్పై ఆరు ఇళ్లలో ఒకటి తనకి రావాలని గుణదల మాతకి కొబ్బరికాయ మొక్కుకుందని హైమవతి ద్వారా విన్నాను. మొక్కుకోవడం ఆమె ఇష్టం, అభ్యంతరం చెప్పడం మా ఇష్టం.

అర్జీ తయారయింది. కానీ నలభై ఇళ్లూ తిరిగితే ఎనభై మూడు సంతకాలే వచ్చాయి. నూటిరవై అయినా లేకపోతే అర్జీకి బరువుండదన్నారు వెంకటప్పయ్య గారు. మిగతావి ఎక్కడినుంచి తేవాలి? ఎక్కడికో వెళ్లక్కర్లేదు, ప్రతి పెరట్లోనూ ఓ వేలిముద్ర అంట్లు తోముతోంది కదా!

నేను స్టాంపు ప్యాడూ అర్జీ కాగితమూ పెరటి గోడ మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాను.

“ఏం కాయితమండయ్యగారూ?” అంది తెరేసమ్మ చేతులు తుడుచుకుంటూ.

“కిరసనాయిలు కార్డుది. వేలు వెయ్యి.”

“నాకు...” అని ఏదో చెప్పబోయింది.

“మాటలు తర్వాత. సిరా ఆరిపోతుంది,” అన్నాను.

వేసింది. అలా నలభై పెరళ్లలోనూ కలిపి ముప్పై ఏడు వేలిముద్రలు పడ్డాయి. అబద్ధం చెప్పామంటారా? ప్రకృతిని కాపాడుకునే తొందరలో కాగితం పేరు కాస్త తారుమారైంది, అంతే.

పదిహేను రోజులకి విచారణాధికారి వచ్చాడు. ఆ జాగాలోనే ఒక టేబులు వేయించుకుని కూర్చున్నాడు. ఒకపక్క మా కాలనీ వాళ్లం కుర్చీల్లో, ఇంకోపక్క గట్టు వాళ్లు నిలబడి ఉన్నారు. వెంకటప్పయ్య గారు పిచ్చుకల గురించి అరగంట మాట్లాడారు. చివర్లో ఆయనకి గొంతు కూడా బొంగురుపోయింది. నేను లేచి అసలు అస్త్రం తీశాను.

“అయ్యా, మేమే కాదు, గట్టు మీది పేదలు కూడా ఈ ఇళ్లు వద్దంటున్నారు. ఇవిగో వాళ్ల వేలిముద్రలు,” అన్నాను.

ఆయన చాలాసేపు మా అర్జీ చూశాడు. తర్వాత పక్కనున్న ఇంకో ఫైలు తెరిచాడు. అది ఇళ్లు కావాలని గట్టు వాళ్లు రెండు నెలల ముందు పెట్టుకున్న దరఖాస్తుల ఫైలు. ఒక పేజీ దగ్గర వేలు పెట్టి, “తెరేసమ్మ ఎవరమ్మా?” అని పిలిచాడు.

ఆమె ముందుకొచ్చింది.

“దరఖాస్తులో ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టావు. ఇందులో వేలిముద్ర వేశావు. రెండు నెలల్లో చదువు మర్చిపోయావా అమ్మా?”

తెరేసమ్మకి సంతకం వచ్చా? పదకొండేళ్లలో ఆమెకి చదువొచ్చా అని అడిగే అవసరం మాకెప్పుడూ పడలేదు. ఆమె ఒక్కతే కాదు, ఆ ముప్పై ఏడు మందిలో పందొమ్మిది మందికి సంతకం వచ్చునని తర్వాత తేలింది. అంట్లు తోమే చేతికి అక్షరాలు వచ్చి ఉంటాయని మా నలభై ఇళ్లలో ఒక్కరికైనా తోచలేదు. తెరేసమ్మ సిస్టర్ల బడిలో ఐదో తరగతి దాకా చదివిందట. మా సంఘం ముందుచూపుతో పాతికేళ్ల కిందటే పుట్టి, ఆ బడి మీద అభ్యంతరం తెలిపి ఉంటే ఈ అవమానం తప్పేది.

తెరేసమ్మ ఒకసారి హైమవతి వైపు చూసింది. హైమవతి నోరెత్తొద్దన్నట్టు చూసింది. పదకొండేళ్ల కొలువు ఆ చూపులో ఉంది.

“కిరసనాయిలు కార్డన్నారండి,” అంది తెరేసమ్మ. “సంతకం వచ్చని చెప్పబోతే అయ్యగారు తొందరపెట్టారండి. ఇల్లొద్దని నేనెందుకంటానండి? పోయిన వానలకి నా చిన్నపిల్ల మంచం కిందకి నీళ్లొచ్చినయ్యి. పిల్లనెత్తుకుని తెల్లార్లూ నిలబడే ఉన్నానండి. నాకు ఆ ఇల్లు కావాలండి.”

అధికారి నా వైపు తిరిగి, “మీరు ఏం చేసి రిటైరయ్యారండీ?” అని అడిగాడు.

“హైస్కూలు హెడ్మాస్టరుగా,” అన్నాను.

ఆయన అభ్యంతరాలన్నీ కొట్టేసి, ఫైలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. పిచ్చుకల గురించి ఒక్క ముక్క కూడా రాసుకోలేదు.

మర్నాడు తెరేసమ్మ పనికి రాదనుకున్నాం. వచ్చింది. అంట్లు తోమింది, ఇరవై రెండు బకెట్లూ మోసింది. గోడ మీది గ్లాసు మాత్రం ముట్టుకోలేదు. “కాఫీ మానేశానమ్మగారూ,” అందట. ఆరోగ్యానికి మంచిదేనంది మా ఆవిడ.

ఏడాది తిరిగేసరికి ఇళ్లు లేచాయి. కడుతుండగా పడ్డ వానలకి ఒక్క గోడా కరగలేదు. ఇది మమ్మల్ని కావాలని అవమానించడం కాదా? పిచ్చుకలు కూడా నమ్మకద్రోహం చేసి ఆ ఇళ్ల చూరుల్లోనే గూళ్లు పెట్టుకున్నాయి.

మే నెలలో ఒక ఆదివారం తెరేసమ్మ మా గేటు ముందుకొచ్చి, “ఫాదరుగారొచ్చి ఇంటికి ప్రార్థన చేస్తారండి. అయ్యగారూ అమ్మగారూ రావాలండి,” అని పిలిచింది. ఆమె వీధి గేటు వైపు నుంచి రావడం అదే మొదటిసారి. హైమవతికి తలనొప్పి వచ్చింది. నేను మాత్రం కొత్త అభ్యంతరాలు దొరుకుతాయన్న ఆశతో వెళ్లాను.

తలుపు దాటగానే నా ఒంటి మీద చెమట ఆరింది. మా నాన్నగారి మిద్దె గుర్తొచ్చింది. అది గుర్తు రావడం నాకు బొత్తిగా నచ్చలేదు. వంటింట్లో పేడ గ్యాసు నీలంగా మండుతోంది. ఎంత ముక్కు ఎగబీల్చినా వాసన తగల్లేదు. కృపానందం గోడకి చేరగిలబడి నవ్వుతున్నాడు. శౌరయ్య నాకోసం కుర్చీ వేశాడు. ప్రార్థన అయ్యాక తెరేసమ్మ పళ్లెంలో కాఫీలు తెచ్చింది. నిగనిగలాడే స్టీలు గ్లాసులు. మా హైమవతి ఇచ్చిన పాత చీరలన్నీ దాచి, సామాన్లవాడికి వేసి తీసుకుందట. వాటి మీద పేరు కూడా కొట్టించింది. నా చేతిలో గ్లాసు తిప్పి చూశాను. తెరేసమ్మ అని ఉంది.

ఫాదరుగారి గ్లాసు చూశాను. ఇంజనీరు గ్లాసు చూశాను. రిక్షా స్టాండు నుంచి వచ్చిన శౌరయ్య స్నేహితుల గ్లాసులూ చూశాను. అన్నీ ఒకటే రకం, అన్నిటి మీదా అదే పేరు. ఆఖరుది తను తీసుకుని, మాతో పాటే కూర్చుని తాగింది.

మేం పదకొండేళ్లపాటు ఆమె కోసం ప్రత్యేకంగా ఒక గ్లాసు ఉంచామండీ. ఆమె నాకోసం వేరే గ్లాసు ఒక్కటీ ఉంచలేదు! ఆ ఇళ్లు వద్దని మేం ఎందుకంత మొత్తుకున్నామో ఇప్పటికైనా మీకు అర్థమైందా?