తొలి అచ్చు, మలి అచ్చు

ఆ ఆదివారం పొద్దున రామనర్సయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు గ్రామఫోన్ రికార్డులు కడిగి ఆరబెట్టాలి, స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పది గంటలకల్లా బచేలి క్లబ్బు హాలుకు చేరుకోవాలి. అక్కడ పాత వస్తువుల ప్రదర్శన. తొలి అచ్చు రికార్డుకూ తర్వాత మళ్లీ వేసిన అచ్చుకూ తేడా ఎలా కనిపెట్టాలో ఆయన ఊరందరికీ చెప్పాలి.

బైలదిల్లా ఇనుప గనిలో ముప్పై రెండేళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. ఇంట్లో నూటపది రికార్డులున్నాయి. వాటిలో ఆయనకు ప్రాణం 'ఏటి ఒడ్డు నాట్ల పాటలు' తొలి అచ్చు. ముప్పై ఏళ్ల కిందట జగదల్‌పూర్ పాత సామాన్ల దుకాణంలో దొరికింది. ఎంత ప్రాణమంటే, అరిగిపోతుందన్న భయంతో దాని మీద ఒక్కసారి కూడా సూది పెట్టలేదు. వినడానికని పదేళ్ల కిందట అదే రికార్డు మలి అచ్చు తెప్పించుకున్నాడు.

రెండింటినీ కడిగి, వాకిట్లో మంచం మీద మెత్తటి గుడ్డ పరిచి ఆరబెట్టి, స్నానానికి వెళ్లాడు. బైలదిల్లా కొండల మీద మబ్బు ఎవరినీ అడిగి కురవదు. నాలుగు చినుకులు పడేసరికి ఆయన భార్య సోమక్క పరుగున వచ్చి, రెండు రికార్డులనూ తుడిచి, పక్కనే ఉన్న రెండు అట్టల్లో చెరొకటి దూర్చేసింది. ఏది ఎందులోదో ఆమెకు తెలియదు. వాటిని ముట్టుకోనిస్తేగా తెలియడానికి!

"వాన పడ్డది. రెండూ లోపల పెట్టిన," అంది.

"బతికించినవ్ పో!" అంటూ రామనర్సయ్య, తొలి అచ్చు చూపిస్తే చాలనుకుని, దాని పాత అట్టను చంకన పెట్టుకుని బయలుదేరాడు.

హాలు నిండుగా ఉంది. పాత తూకపురాళ్లు, ఇత్తడి దీపాలు, గని తొలిరోజుల నాటి టోపీలు. ఒక బల్ల మీద రికార్డు ప్లేయర్. క్లబ్బు కార్యదర్శి దేవేంద్ర మైకు అందించాడు. రామనర్సయ్య గొంతు సవరించుకున్నాడు.

"అట్ట చూసి మోసపోవద్దు. అట్ట మార్చొచ్చు. రికార్డు మధ్యన కాగితం బిళ్ల ఉంటది గదా, దాని చుట్టూ గీతలు లేని నున్నటి జాగ చూడాలె. తొలి అచ్చుకైతే అక్కడ చేత్తో గీకిన నంబరు ఉంటది. మలి అచ్చుకు మిషన్ గుద్దిన నంబరు. అక్షరాలు వరసగా, బడిపిల్లల తీరు నిలబడుతయ్."

"దాదా, నంబర్ దిఖాయియే," అని చూపించమన్నాడు దేవేంద్ర.

రామనర్సయ్య గర్వంగా భూతద్దం తీసి వంగి చూశాడు. అక్షరాలు వరసగా, బడిపిల్లల్లా నిలబడి ఉన్నాయి. చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచిపోయి, "అరే! యే అస్లీ నహీ హై!" అని అరిచాడు.

సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి గుమ్మంలో అడుగుపెట్టింది. ఆమె రీనా మేడమ్. బడికి కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్. అసలు మనిషి కాదన్న మాట తననే అన్నారనుకుని అక్కడే ఆగిపోయింది. దేవేంద్ర దండ పట్టుకుని ఉరికాడు. "ఆప్ అస్లీ హై మేడమ్! బిల్కుల్ అస్లీ!" అని నలుగురిలో హామీ ఇచ్చాడు. దానితో, అంతవరకు అనుమానం లేనివాళ్లు కూడా ఆమెను ఒకసారి పరీక్షగా చూశారు.

హాలు బయట లౌడ్‌స్పీకర్ కిందే బాసగూడ నుంచి వచ్చిన హిడ్మే అడవి తేనె అమ్ముతోంది. 'అస్లీ నహీ' అన్న మాట కొన్నవాళ్ల చెవిన పడింది. అంతే, డబ్బులు తిరిగిమ్మని సీసాలు పట్టుకుని వెనక్కి వచ్చారు. హిడ్మే తేనె గిన్నె ఎత్తుకుని నేరుగా వేదిక ఎక్కింది.

"నా తేనె నకిలీ అన్నది ఎవలు? నువ్వేనా తాతా?"

"నీ తేనె గురించి కాదమ్మా, ఈ రికార్డు..."

"ముందు నాకి చెప్పు!"

ఆమె గరిటె నోటికి అందించింది. ఆయన వద్దని చేయి అడ్డం పెట్టాడు. సగం తేనె నోట్లోకి పోయింది. మిగతా సగం భూతద్దం మీదా, రెండు చేతుల మీదా పడింది.

"అస్లీ తేనె," అని ఆయన మైకులో ఒప్పుకున్నాక గానీ హిడ్మే శాంతించలేదు.

ఈలోగా దేవేంద్ర సోమక్కకు ఫోన్ చేసి రెండో రికార్డు తెమ్మన్నాడు. ఆమె ఆటోలో వచ్చి బల్ల మీద పెట్టింది. రామనర్సయ్య చేతి తేనె అట్టలకు అంటడం చూసి దేవేంద్ర కంగారుగా రికార్డులు రెండింటినీ బయటికి తీసి, అవతలి బల్ల మీదికి మార్చాడు. మార్చాక గానీ ఏది ఏదో తెలియడం లేదని అతనికి తట్టలేదు. తుడిచినకొద్దీ తేనె అలుక్కుని భూతద్దం మసకబారింది. ఒట్టి కంటికి నంబరు ఆనదు. బరువు చూసి చెబుదామంటే రామనర్సయ్య చేతులు జిగట.

"సూది పెట్టుండ్రి. ఇంటే తెలుస్తది," అంది సోమక్క.

"వద్దు! అసలుదాని మీద సూది పెట్టొద్దు!"

"ఏది అసలుదో తెల్వనప్పుడు వద్దంటవేంది?"

పెట్టమన్నట్టు రీనా మేడమ్ తల ఊపింది. దేవేంద్ర మొదటి రికార్డు పెట్టాడు. ఆడవాళ్ల గొంతులు నీళ్ల మడిలో నడిచినట్టు మెత్తగా సాగాయి. సోమక్క రెండు చరణాలు విని, "ఇది కాదు. తియ్," అంది.

రెండోది పెట్టాడు. అదే పాట, అవే గొంతులు. కానీ ఎందుకో మనుషులు పక్కనే నిలబడి పాడినట్టుంది. రెండో చరణం చివర, దరువుకీ దరువుకీ నడుమ, ఎవరో పిల్ల గట్టిగా తుమ్మింది.

"ఇదే అసలుది," అంది సోమక్క.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు రామనర్సయ్య.

"తుమ్మింది నేనే."

సోమక్క కొంగు సర్దుకుంది. "నాకప్పుడు పద్నాలుగేండ్లు. మా తర్లగూడ నుంచి ఎనమండుగురు ఆడోళ్లను జీపుల భద్రాచలం తీస్కపోయిన్రు. పాట ఎక్కిచ్చే మిషన్‌కు పూజ చేసి అగరొత్తులు ముట్టించిన్రు. ఆ పొగకు తుమ్ము ఆగలే. మల్ల పాడిచ్చిన్రు గని, మొదటిదే బాగుందని అదే వేసిన్రు. మలి అచ్చుల తుడిచేసినట్టున్నరు."

"మరి నాకు చెప్పలేదేందే?"

"పదేండ్ల సంది చెప్తనే ఉన్న, ఇయ్యి నేను పాడిన పాటలని. మీ ఊర్ల నాటేసినోళ్లందరు పాడినవే గదా అంటవు నువ్వు."

రామనర్సయ్య కాసేపు ఆ రికార్డునూ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ముప్పై ఏళ్లు దాని అంచులూ అక్షరాలూ చూశాడు. అందులో ఎవరున్నారో వినలేదు. సిగ్గు వేసింది, కానీ ఎంతోసేపు నిలవలేదు. ఛాతీ ఉబ్బింది. జిగట చేత్తోనే మైకు అందుకున్నాడు.

"ఇగో, అందరు ఇనుండ్రి! ఈమె నా భార్య. తర్లగూడ సోమక్క. తొలి అచ్చుల ఉన్నది!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా హిడ్మే గిన్నె మీద గరిటెతో వాయించింది. "మళ్లీ పెట్టయ్యా," అని రామనర్సయ్యే దేవేంద్రతో అన్నాడు. ఆ పూట సూది ఆ గీతల మీద నాలుగుసార్లు నడిచింది. నాలుగోసారి సోమక్క పాటతో గొంతు కలిపింది. రీనా మేడమ్ తన మెడలోని దండ తీసి ఆమెకు వేసింది.

అప్పటికప్పుడు క్లబ్బు తరఫున సోమక్కకు ప్రశంసా పత్రం తయారైంది. ఏ విషయంలో ప్రతిభ అన్న గడిలో తుమ్మును ఎలా రాయాలో దేవేంద్రకు తోచక, చివరికి 'లోక్ కలా', అంటే జానపద కళ, అని రాసి ముద్ర కొట్టించాడు.